పొయ్యి బూడిద, లారీ బూడిద

మా ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. అయినా రోజూ ఒక పూట కట్టెల పొయ్యి వెలిగిస్తాను. రుచి కోసం అనుకుంటారు చూసినవాళ్లు. నాకు కావలసింది బూడిద. ఆ బూడిద ఎందుకో చెప్పాలంటే మా అత్త మోకాళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

మాది ఎర్రగుంట్లకు దగ్గరి పల్లె. నేతపని చేసుకునే ఇల్లు. మా మామ పోయాక మగ్గంలో మా అత్తే కూర్చుంది. ముప్ఫయ్యేళ్లకు పైగా నేసింది. మాది గుంట మగ్గం. నేల మట్టానికి కూర్చుని, కాళ్లు కిందికి గుంటలోకి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేయాలి. పొద్దున సద్ది తాగి కూర్చుంటే మళ్లీ సంగటి వేళకే లేచేది. అన్నేళ్లు అట్లా కూర్చునేసరికి ఆమె మోకాళ్లు ఆ ఒక్క తీరుకే అలవాటు పడిపోయాయి. నిలబడగలదు. గోడ పట్టుకొని నాలుగడుగులు వేయగలదు. కాళ్లు వేలాడేసి ఎంతసేపైనా కూర్చోగలదు. గొంతుక్కూర్చోమంటే మాత్రం ఆమె వల్ల అయ్యేది కాదు.

మా ఊళ్లో ఆడవాళ్లం చెంబు పట్టుకొని కంపచెట్ల చాటుకు పోయేవాళ్లం. మా అత్త నా భుజం పట్టుకొని వచ్చేది. సగం వంగి, సగం నిలబడి, నా మెడ చుట్టూ చేతులు వేసి వేలాడేది. నేను మొహం పక్కకు తిప్పుకొనేదాన్ని. ఆమె కళ్లు మూసుకొనేది. ఇద్దరం ఒకరినొకరం చూడనట్టు నటించేవాళ్లం. ఒకరోజు నా కాలికింద రాయి జారి ఇద్దరం పడ్డాం. ఆమె ముళ్లలో పడింది. ఇంటికి వచ్చాక మంచం మీద బోర్లా పడుకోబెట్టి పిన్నీసుతో ముళ్లు తీస్తూ ఉంటే గోడవైపు చూస్తూ ఒక మాట అన్నది.

"నాకింకేమీ వద్దుమ్మే. కోకలొద్దు, కూడొద్దు. సచ్చేదాకా నాలుగు గోడల మధ్యన, ఒకరి చెయ్యి పట్టుకోకుండా పోయొస్తే సాలు."

ఊళ్లో మరుగుదొడ్లు లేక కాదు. ఉన్నాయి. కానీ మా నేల అడుగు తవ్వితే నాపరాయి. పలకలు పలకలుగా ఉంటుంది, గడ్డపార దిగదు. తవ్వినంత గుంట తవ్వి, పైన గది కట్టారు కొందరు. నీళ్లు కిందికి ఇంకే దారి లేదు. నాలుగు నెలలకే నిండి పైకి వచ్చేవి. పైగా మాకు నీళ్లు కొళాయిలో వచ్చే రోజు వస్తాయి, రాని రోజు రావు. కడవ నీళ్లు ఎవరు పోస్తారు దానికి? అందరూ వాటిలో కట్టెలు పెట్టుకున్నారు. పక్కింటామె కోళ్లను పెట్టింది.

అట్లాంటి రోజుల్లో రాయచోటి వైపు నుంచి ఒక మేస్త్రి వచ్చాడు, బడి గోడ కట్టే పని మీద. మా అరుగు మీద అన్నం తినేవాడు. మా అత్త కష్టం చూశాడో, ఎవరైనా చెప్పారో, ఒకరోజు మజ్జిగ తాగుతూ మాట ఎత్తాడు.

"అవ్వా, నేల తవ్వకుండా దొడ్డి కట్టొచ్చు. నేను నేర్చుకోనొచ్చినా. నీళ్లు పొయ్యాల్సిన పనే లేదు."

"నీళ్లు పొయ్యకపోతే ఏం పోస్తారప్పా, పన్నీరా?"

"బూడిద."

మా అత్త నవ్వింది. "బోకులు తోమే బూడిదా?"

"అదే. పిడికెడు. మలం మీద తడి నిలవకపోతే వాసన రాదు, ఈగ వాలదు. బూడిద తడి పీల్చుకుంటాది. ఏడాదికి అంతా మన్ను అయిపోతాది. పెంటదిబ్బ ఎరువైనట్టే, కాకపోతే పెట్టెలో పెట్టి మూసినట్టు."

తర్వాత అతను చెప్పినవన్నీ నాకు ఇప్పటికీ పూసగుచ్చినట్టు గుర్తే. నేను చదివింది ఐదో తరగతి, కానీ చెవిన పడింది పోదు. అట్లాంటి దొడ్లు నాలుగైదు రకాలట. తక్కువలో అయ్యేది గుంట రకం. లోతు లేని గుంట, పైన ఎత్తి పెట్టుకునే తడికల గది. నిండగానే మన్ను కప్పి, గదిని పక్కకు జరిపి, ఆ చోట చెట్టు నాటుకోవడమే. మాకు గుంటే కుదరదు కదా, అది పోయింది. ఇంకోటి డ్రమ్ము రకం. పీట కింద డ్రమ్ము పెడతారు, నిండితే మూతపెట్టి ఒక పక్కన మాగబెట్టి ఇంకో డ్రమ్ము పెడతారు. "నిండిన డ్రమ్ము ఎవరు లాగుతారు?" అంది మా అత్త వెంటనే. అదీ పోయింది. ఇంకోటి కంపెనీ వాళ్లది, మొత్తం ప్లాస్టిక్కు. పక్కన పిడి ఉంటుంది, తిప్పితే లోపల తొట్టి తిరిగి అంతా కలుస్తుంది. వాసన లాగడానికి చిన్న ఫ్యాను.

"కరెంటు పోతే?" అన్నాను నేను.

"కరెంటు పోతే నువ్వే విసనకర్ర పట్టుకోవాలక్కా."

చివరికి మాకు నప్పింది రెండు గదులది. నేల మీదే పక్కపక్కన రెండు గదులు, నడుము ఎత్తున, బండతో సిమెంటుతో కడతారు. వాటి పైన దొడ్డి. నాలుగు మెట్లు ఎక్కి పోవాలి. ఒక గది మీద పీట, రెండోదాని మీద మూత. ఒకటి నిండితే మూసేసి, పీట రెండోదాని మీదికి మార్చుకోవాలి. రెండోది నిండేలోపల మొదటిదానికి ఏడాది అయిపోతుంది. అప్పుడు వెనుక పలక తీసి మన్ను ఎత్తుకోవచ్చు. పీటలో ముందువైపు ఒక పళ్లెంలాంటిది ఉంటుంది, మూత్రం అందులో పడి గొట్టం గుండా బయట కుండలోకి పోతుంది. దాన్ని నీళ్లు కలిపి చెట్లకు పోసుకోవచ్చు. కడుక్కునే నీళ్లకు పక్కన వేరే తూము, అది అరటి మొదట్లోకి పోతుంది. గదిలోకి చుక్క నీళ్లు పడకూడదు. దీనికంతటికీ కీలకం అదే.

"తడీ పొడీ కలిస్తే దొడ్డి సెడిపోయినట్టే అక్కా," అని మూడుసార్లు చెప్పాడు.

కట్టేటప్పుడు అతను చేసిన పని ఒకటి నేను మరిచిపోలేను. మా అత్తను మగ్గం గట్టు మీద కూర్చోమన్నాడు, కాళ్లు గుంటలో వేలాడేసి. ఎట్లా కూర్చుంటే నొప్పి లేదో అట్లా కూర్చోమన్నాడు. మోకాలి మడత నుంచి పాదం దాకా నూలుపోగుతో కొలిచాడు. ఆ పోగు జేబులో పెట్టుకొని వెళ్లి, పీట సరిగ్గా అంత ఎత్తున చేసి పెట్టాడు. మెట్లకు రెండువైపులా ఇనప కమ్మీలు పెట్టాడు. మా అత్త మొదటిరోజు కమ్మీ పట్టుకొని ఒక్కతే ఎక్కింది. నేను కింద నిలబడ్డాను. చాలాసేపటికి తలుపు తీసుకొని వచ్చింది.

"మగ్గంలో కూసున్నట్టే ఉండాది మే," అంది.

ఆ ఏడాది మా అత్త బాగా తిన్నది. కడుపు నిండా నీళ్లు తాగింది. పొయ్యిలోని బూడిద రోజూ ఆమే తీసి, బొగ్గులు ఏరేసి, జల్లెడ పట్టి, పాత నూనె డబ్బాలో పోసి పీట పక్కన పెట్టుకునేది. అందులో ఒక కొబ్బరి చిప్ప. పదిరోజులకొకసారి పొడుగాటి కట్టెతో లోపలి కుప్పను సమంగా చదును చేసేది, ఆ పని నన్ను చేయనిచ్చేది కాదు. పక్కింటామె గోడమీద నుంచి అడిగేది.

"ఏమక్కా, మీ అత్త సింహాసనం ఎక్కిందంటనే?"

నేను నోరు తెరిచేలోపల మా అత్త లోపలి నుంచి అందుకునేది. "ఎక్కినా. నువ్వూ రామ్మే, ఒకసారి కూసోని పో. బూడిద మాత్రం మీ ఇంట్లోది తెచ్చుకో!"

మొదటి గది నిండింది. మూశాము. పీట రెండోదాని మీదికి మార్చాము. సరిగ్గా ఆ నెలలోనే మా ఇంటికి గ్యాసు వచ్చింది. కంపలు కొట్టి తెచ్చే బాధ పోయిందని నేను ఎంత మురిసిపోయానో. పొగ లేదు, మసి లేదు. బూడిద కూడా లేదని నాకు తట్టడానికి ఇరవై రోజులు పట్టింది. డబ్బా అడుగు కనిపించింది. మట్టి జల్లి వేద్దామంటే మా దగ్గర మెత్తటి మన్ను ఎక్కడిది, అంతా రాతి పొడే.

మా ఆయన అప్పటికి మగ్గం పని మానేసి ఎర్రగుంట్లలో లారీల మీద పోతున్నాడు. సిమెంటు చేసేచోటికి కరెంటు కేంద్రాల నుంచి బొగ్గు బూడిద లారీల్లో వస్తుంది. దించాక ఊడ్చేది ఈయన పనే. నేను అడిగాను.

"ఏమప్పా, ఆ ఊడ్చిన బూడిద పారేస్తారు కదా. రెండు సంచులు తేరాదా?"

"దొడ్డికా? అది శానా మెత్తగుంటాది. తెస్తాలే."

తెచ్చాడు. పౌడరు మాదిరి ఉంది. బొగ్గు లేదు, నలక లేదు. నేను సంబరపడ్డాను. మా అత్త చిప్పతో తీసి, గంజి పాకం చూసినట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసింది. నాలిక మీద కూడా పెట్టుకుంది.

"ఇది పొయ్యి బూడిద కాదే. బరువుగా ఉండాది. యేలు పట్టుకుంటాంది."

"పొయ్యి బూడిద కాదు అత్తా, లారీ బూడిద."

"ఒక గిన్నెలో తడిపి పెట్టి రేపు సూడుమ్మే. నూలుకు కొత్త గంజి పెట్టేముందు సూసుకుంటాం కదా, అట్ల."

"నీకు అన్నిటికీ వంకే. బూడిదలో రకాలేముంటాయి? వెయ్యి."

ఈ మాట నేనే అన్నాను. ఇంకెవరూ అనలేదు.

ఒకే లారీలో పోయేటప్పుడు సిమెంటు, వచ్చేటప్పుడు బూడిద వేసేవాళ్లని, ఊడ్చిన దాంట్లో రెండూ కలిసే ఉంటాయని నాకు తెలియదు. మా ఆయనకు తెలుసు. కానీ ఆయనకు దొడ్డి లోపల ఏం జరుగుతుందో తెలియదు. ఆయన మగవాడు, ఆయనకు బయలే అలవాటు.

వారం తిరిగేసరికి మా అత్త కళ్లు మండుతున్నాయంది. కారం కొట్టినట్టు ఘాటు వస్తోందంది. నేను పోయి చూస్తే నిజమే, ఏడాదిలో ఎన్నడూ లేని ఘాటు. తడి ఎక్కువైందనుకొని ఇంకో నాలుగు చిప్పలు వేశాను. అది చేయకూడని పని. ఆ ఘాటుకు లోపలికి వంగలేక మా అత్త పదిరోజుల చదును మానేసింది. నెలన్నరకు ఎట్లాగో చేద్దామని కట్టె దింపితే టక్కుమంది. మళ్లీ పొడిస్తే మళ్లీ టక్కుమంది. టార్చిలైటు వేసి చూశాను. పడింది పడినట్టు గడ్డకట్టి, ఒకదాని మీద ఒకటి లేచి, పీట కిందికి జానెడు దూరంలో స్తంభంలా నిలబడి ఉంది. బూడిద రంగు రాయి. ఇంక నాలుగు రోజులు కూడా వాడే వీల్లేదు.

మా ఆయన వెనుక పలక తీసి గడ్డపార వేశాడు. రాయి పగల్లేదు, గోడ బీట విచ్చింది. ఇంకో నాలుగు దెబ్బలు వేస్తే పైన దొడ్డే కూలుతుందేమోనని భయపడి ఆపేశాడు. మేస్త్రికి ఫోను చేశాను. అతను రాయచోటిలో ఏదో ఇంటికి కప్పు పని ఒప్పుకున్నాడు, పదిహేను రోజులు కదలలేనన్నాడు.

"మొదటి గది తెరిసి, ఉన్నది ఎత్తేసి వాడుకుందామా తమ్ముడూ?"

"వద్దక్కా. దానికి మూడు నెల్లు కూడా కాలేదు. లోపల రోగాలు తెచ్చే నులిపురుగుల గుడ్లు బతికే ఉంటాయి. తీసి ఎత్తినోళ్లకు పట్టుకుంటాయి. ఏడాది కావాల."

నేను మళ్లీ విన్నాను, మళ్లీ గుర్తుపెట్టుకున్నాను. మా అత్త మంచం మీద నుంచి అడిగింది. "తెరవమ్మే, ఏమైతాదిలే." నేను తెరవలేదు. రూలు రూలే అన్నాను.

బకెట్టు కొనుక్కొచ్చాము. పైన ప్లాస్టిక్కు కుర్చీ, నడిమికి రంధ్రం కోసి. గది మూల చీర అడ్డం కట్టాను. మా అత్త ఆ చీర చూసింది, బకెట్టు చూసింది.

"తర్వాత ఇది ఎవరెత్తుతారు?"

"నేనెత్తుతా అత్తా. ఏమైంది?"

"నా కోడలు నాది మోసుకోని వీధిలో పొయ్యేదా? ఊరంతా సూసేదా?"

"ఎవరు చూస్తారు అత్తా?"

"నేను సూస్తా," అంది.

కంపచెట్ల దగ్గరికి తీసుకుపోతానన్నాను. ముళ్లలో పడిన దగ్గర నుంచి ఆ పేరెత్తితే ఆమె మంచం కోడు పట్టుకొనేది. రెండుసార్లు వచ్చింది. మూడోసారి రానంది, అవసరం లేదంది. నాకు అప్పుడైనా తట్టాల్సింది. మంచం పక్కన చెంబులో నీళ్లు పొద్దున ఎంత పోస్తే సాయంత్రానికి అంతే ఉంటున్నాయని వారానికి గాని చూడలేదు. అడిగితే "మళ్లీ నింపుకున్నా" అంది. మజ్జిగ గ్లాసు ఖాళీగానే ఇచ్చేది. ఒకరోజు కిటికీలోంచి చూశాను, గోడ పట్టుకొని వెళ్లి కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తోంది. సంగటి ముద్ద సగం కుక్కకు. ఎండాకాలం. మా మిద్దెల్లో మధ్యాహ్నం గోడమీద చెయ్యి పెట్టలేము.

ఆ రోజు నేను ఆమె ముందు కూర్చొని ఏడ్చాను, తిట్టాను. చెంబు నోటి దగ్గర పెట్టాను. రెండు గుక్కలు తాగింది. "మేస్త్రి రానీమ్మే. వచ్చినాక కడవ తాగుతా," అంది. పదిహేను రోజుల్లో అప్పటికి తొమ్మిది అయ్యాయి. ఇంకో ఆరే కదా, బతిమాలుకుంటూ నెట్టుకొద్దామనుకున్నాను.

పదకొండోరోజు పొద్దున ఆమె ఖాళీ మగ్గం వైపు చూస్తూ, "పోగు తెగింది, అతకండి" అని పిలిచింది. నాలుక తెల్లగా ఎండి ఉంది. ఆటోలో వేసుకొని కడప ఆసుపత్రికి పోయాము. డాక్టరమ్మ చేతి మీద చర్మం గిల్లి పట్టుకుంది. వదిలితే అట్లే నిలబడి ఉంది.

"ఈమెకు నీళ్లు ఇవ్వలేదా మీరు?"

మా ఆయన నా మొహం చూశాడు. ఏమని చెప్పను? ఇచ్చామని చెప్పనా, ఇవ్వలేదని చెప్పనా?

మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. గొట్టం పెట్టారు. ఆ గొట్టం కింద మంచానికి సంచి వేలాడుతుంది కదా. మా అత్తకు స్పృహ వచ్చినప్పుడల్లా ఆ సంచి మీద కొంగు కప్పేది. నర్సు వచ్చి తీసేది, ఎంత వచ్చిందో చూడాలి కాబట్టి. నర్సు పోగానే మళ్లీ కప్పేది. ఆమె ఆఖరి మూడు రోజులు చేతులతో చేసిన పని అదొక్కటే.

మూడోరోజు సాయంత్రం తెలివిగా మాట్లాడింది. నేను చెవి దగ్గర వంగి, తప్పు నాది అత్తా, అని చెప్పబోయాను. మధ్యలోనే అడిగింది.

"గిన్నెలో తడిపి సూసినావామే?"

"లేదత్తా."

"ఊఁ," అంది. కోపంగా అనలేదు. మగ్గం దగ్గర నేను తప్పు పోగు అతికినప్పుడు అనేది చూడండి, అట్లా. నాలుగోరోజు పొద్దున పోయింది.

మేస్త్రి దినాల్లో వచ్చాడు. వెనుక పలక తీసి, గోరంత ముక్క గిల్లి, అరచేతిలో పెట్టుకొని చూశాడు. "సిమెంటు కలిసిన బూడిదక్కా ఇది. తడి తగిలితే కడుతుంది. ఎరువు ఎట్లయితాది? లోపల పురుగు బతకాల కదా మన్ను కావాలంటే." తన తప్పు అన్నట్టు తల వంచుకున్నాడు. నీళ్ల సంగతి మూడుసార్లు చెప్పినవాడు, బూడిద సంగతి చెప్పాలని అతనికి తోచలేదు. ఎవరికి తోస్తుంది?

ఆ రాయిని మా ఆయనే పగలగొట్టాడు. ఇంకొకరిని పిలవలేదు, పిలిచి చేయించే పని కాదది. మూతికి తువ్వాలు కట్టుకొని, ఉలితో సమ్మెటతో, గోడ అదరకుండా పొరలు పొరలుగా రెండు రోజులు కొట్టాడు. ఆ ముక్కలు ప్రహరీ వెనుక వేశాడు. రెండు వానాకాలాలు అయ్యాయి. అవి కరగలేదు. వాటి మీద గడ్డి కూడా మొలవలేదు.

మొదటి గదికి ఏడాది నిండిన రోజు నేను తెరిచాను. ఆయన దూరంగా నిలబడ్డాడు. పలక చుట్టూ మెత్తిన సున్నం గోకి, పలక పక్కకు జరిపి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అవసరం లేకపోయింది. తొలకరి పడ్డప్పుడు వచ్చే మన్ను వాసన, అంతే. నల్లగా, పొడిపొడిగా, చేతికి బరువు లేకుండా ఉంది. చాటతో ఎత్తుతుంటే జల్లెడ పట్టినట్టే రాలింది. ఒక్క బొగ్గు ముక్క తగల్లేదు. అన్నీ ఆమె ఏరేసింది కదా.

ఆ మన్ను కరివేపాకు చెట్టు మొదట్లో వేశాను. చెట్టు విరగబడి చిగురించింది. అంతకుముందు ఆకు నమిలి తినే మా ఆయన ఇప్పటికీ తాలింపులో అది కనిపిస్తే ఏరి పక్కన పెడతాడు.

దొడ్డి ఇప్పుడు వాడుతున్నాము. నేనూ వాడుతున్నాను, నాకూ మోకాళ్ల నొప్పి మొదలైంది. ఎక్కేటప్పుడు ఆమె పట్టుకున్న కమ్మీనే పట్టుకుంటాను. రోజూ ఒక పూట కట్టెల పొయ్యి. ఆరిన బూడిదను జల్లెడ పట్టి, ఒక పిడికెడు తీసి సత్తు గిన్నెలో వేసి, నీళ్లు చల్లి మూత పెడతాను. మరుసటి రోజు పొద్దున మూత తీసి వేలు గుచ్చి చూస్తాను. వేలు దిగుతుంది. దిగకుండా ఎట్లా ఉంటుంది, నా పొయ్యిలోదే కదా. అయినా చూడకుండా డబ్బాలో పొయ్యను.